తరుగు

స్లాటు మంగళవారం, పెద్దాసుపత్రిలో.
సువార్త నాలుగింటికే లేచి ఫైలు సర్దింది.
బట్టలకొట్టు సంచిలో
ఎకో కాగితాలు, డిశ్చార్జి చీటీ, ఆధారు,
మూడు ఫొటోలు, ఒక జెరాక్సుకి ఇంకో జెరాక్సు.
"కాస్త నీరసంగా కనపడు," అంది గుమ్మంలో.
"గడ్డం గీసుకోకపోతే పోయేది."
గీసుకుంటేనే కదా తెగింది.
తెగితే నా నెత్తురు ఓ పట్టాన ఆగదు,
చెంప మీద దూది అంటించుకునే ఆటో ఎక్కాను.

చుట్టుగుంట దాటేటప్పుడు ఘాటు తగిలింది.
ఇరవై రెండేళ్ళు ఆ యార్డులో
ఈ వీపు మీద ఎన్ని టిక్కీలు నడిచాయో
లెక్క రాసినవాడు లేడు.
రోజుకి రెండొందలనుకో, సీజనుకి...
పోనీలే.
ఇప్పుడు నీళ్ళబిందె ఎత్తితే
ఎండలో కుక్కలాగా రొప్పుతాను.

గది పై అంతస్తులో.
లిఫ్టుకి కాగితం అంటించారు, ఎప్పటిదో,
అక్షరాలు వెలిసిపోయాయి.
మెట్లు ఇరవై ఆరు.
ఎక్కలేకపోతే సర్టిఫికెట్టు రాదు,
ఎక్కేస్తే ఎందుకిస్తారు?
తొమ్మిదో మెట్టు మీద కూర్చుని ఇదే ఆలోచిస్తుంటే
ఒకతను అరచేతుల మీద పాకుతూ నన్ను దాటాడు.
"ఏమైందన్నా?"
గుండె, అన్నాను.
"అయ్యో," అని
అక్కడే కాసేపు ఆగాడు, నా కోసం.

వరసలో అందరివీ కంటికి కనపడతాయి.
చంకకర్ర, ఇనుప బూటు, నల్లద్దాలు,
తల్లి ఒళ్ళో కాళ్ళు వేలాడే పదేళ్ళ పిల్లాడు.
నాది చొక్కా లోపల.
ఒక ముసలామె ఎగాదిగా చూసి
"నువ్వెవరికి తోడొచ్చావు నాయనా?" అంది.
నాకే, అన్నా.

"తేళ్ళ యోబు!"
కంప్యూటరు పిల్లాడు పైకీ కిందికీ జరిపాడు.
చెయ్యి ఉంది, కాలుంది, కన్నుంది, చెవుంది.
"గుండె లేదండీ ఇందులో."
వెటకారం కాదు,
పాపం వాడికి నిజంగానే దిగులేసింది.

డాక్టరమ్మ చిన్నది, మా పెద్దదాని ఈడు.
గుండీలు విప్పి చూపించాను.
కంఠం కింద నుంచి పొట్ట దాకా
దబ్బనంతో కుట్టిన టిక్కీ మూతి.
అప్పుడు గది కాస్త సద్దుమణిగింది.
"ఎవరి వాచీ అది?" అన్నాడు కంప్యూటరు పిల్లాడు.
అందరూ మణికట్లు చూసుకున్నారు.
ఆవిడకి తెలుసు, తలెత్తలేదు.
నాదే బాబూ, అన్నాను. వాల్వు మార్చారు. ఇనపది.
ఎవరూ మాట్లాడకపోతే వినపడుద్ది.
ఎవరూ మాట్లాడలేదు.

"మెట్లెక్కి వచ్చారా?"
వచ్చానమ్మా.
"మధ్యలో ఎన్నిసార్లు ఆగారు?"
ఐదంటే సరిపోయేది.
రెండు, అన్నాను.
హమాలీవాడికి ఆగడం సిగ్గు, ఏం చెయ్యను.
గోంగూర తినొద్దన్నారమ్మా, అని కూడా చెప్పాను,
మందు పనిచెయ్యదంట,
గుంటూరోడికి అదొక్కటి చాలదా?
నవ్వింది.
నవ్వు శాతంలోకి రాలేదు.

ముప్ఫై ఐదు.
నలభై ఉంటేనే పింఛను.

నాకేం కొత్తా ఇది?
కాటా ఎక్కిన ప్రతి సరుకులోనూ
తేమనీ తాలనీ కాస్త తీసేసేవాళ్ళు.
రైతు నోరు తెరిచేవాడు, మూసుకునేవాడు.
నేను మధ్యలో వీపు వంచి నిలబడేవాణ్ణి.
ఆ తరుగు ఎవరింటికి పోయేదో
ఒక్కరోజూ అడగలేదు.

దిగేటప్పుడు మళ్ళీ అతనే.
"ఎంత పడిందన్నా?"
అచ్చం యార్డులో ధర అడిగినట్టు.
చెప్పాను. నాలుక చప్పరించాడు.
"అప్పీలుంటుంది. మళ్ళీ స్లాటు పెట్టించు.
ఈసారి గడ్డం పెంచు."

రాత్రి సువార్త చెవిని నా రొమ్ముకి ఆనించి పడుకుంది.
ఆపరేషనైన దగ్గర్నుంచి ఆ చప్పుడు లేకపోతే
దానికి నిద్ర పట్టదు.
ఇది ఆగిపోతే నూటికి నూరేస్తారే, అన్నాను.
చెంప మీద, దూది లేనివైపు, ఒక్కటిచ్చింది.
తర్వాత చాలాసేపు కదల్లేదు.

రేపు బుధవారం.
సగం మాత్ర.