మినిట్స్‌లో రాయనిది

కౌన్సిల్ సమావేశాల్లో మాటల్ని కుదించి రాయడం నా ఉద్యోగం.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి.
దగ్గులు రాయను. నిట్టూర్పులు రాయను.
ఆ మంగళవారం రాత్రి స్కార్‌బెక్‌లో
సముద్రం మీంచి వచ్చిన వాన
కిటికీల్ని బాదుతూనే ఉంది.
అదీ రాయలేదు.

తొమ్మిదో అంశం: సాల్ట్ హౌస్ థియేటర్ పునర్నిర్మాణం,
మూడు లక్షల ఎనభై వేల పౌండ్లు.
ఎనిమిదోది అప్పుడే ముగిసింది:
పొదుపు కింద, బీచ్ దగ్గరి మరుగుదొడ్లకు తాళం.

ఆ థియేటర్ ఒకప్పుడు
హెర్రింగ్ చేపల్ని ఉప్పులో ఊరేసిన కొట్టు.
నూరేళ్లయినా గోడలు మరిచిపోలేదు.
వాన పడితే చాలు,
రాణి ప్రాణం విడిచే ఘట్టంలో కూడా
మూడో వరస దాకా చేపల కంపు.
కప్పు కారే చోట ఒక బకెట్.
దాన్ని చూడకుండానే దాటి నడవడం
నటులు డైలాగుల కంటే ముందు నేర్చుకుంటారు.
ఓ క్రిస్మస్‌కి ఆ బకెట్‌కే వేషం కట్టారు,
ఆ ఏడాది ఎక్కువ చప్పట్లు దానికే.

అక్కడ వేదికకు ఎడమ పక్క, తెర మడతలో,
ముక్కాలిపీట మీద, ఒళ్లో టార్చిలైటుతో
నలభై ఒక్క ఏళ్లు కూర్చుంది వినిఫ్రెడ్ ఆస్క్యూ.
మరిచిన మాట అందించడం ఆమె పని.
ఊళ్లో ఎవరి నాలుక ఎక్కడ మడత పడుతుందో
ఆమెకు కంఠతా వచ్చు.
జనం ఆమె గొంతు విన్నారంటే
ఆ రాత్రి ఆమె ఓడిపోయినట్టే.

వద్దనడానికి లేచాడు డెస్మండ్ రూక్‌బీ.
పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి,
గోళ్లలో నూనె మరక, మెడకి అరువు టై.
చెడ్డవాడు కాదు. వాళ్లమ్మకు మోకాళ్లు పనిచేయవు,
కుక్కను తీసుకుని బీచ్ దాకా పోతుంది,
అక్కడ ఆ తలుపే ఆమెకు దిక్కు.
"నాటకాలకు డబ్బుంటుంది," అన్నాడు,
"ముసలమ్మ ఒంటేలుకు పోవడానికి ఉండదా?"
హాల్లో ఎవరూ తలెత్తలేదు.
"దీన్ని అభివృద్ధి అనరు. దీన్ని... దీన్ని..."

మాట పోయింది.
చేతిలో కాగితం తిప్పాడు, వెనకవైపు ఖాళీ.
గడియారం ముల్లు తొమ్మిది గళ్లు జరిగింది.
చెవుల దాకా ఎరుపెక్కాడు,
పదకొండేళ్లప్పుడు గొర్రెలకాపరి వేషంలో
దేవదూతను చూసి నోరు తెరిచి
అలాగే నిలబడిపోయాడట.

ప్రజల కుర్చీల్లోంచి, పెదవి కదలకుండా,
సరిగ్గా అతని దాకా మాత్రమే చేరేట్టు:
"దుబారా."

"దుబారా!" అని గర్జించాడు రూక్‌బీ.
ఆ పక్కనే ఉన్నాను గనక నాకు వినిపించింది.
అతను ఒక్క క్షణం అటు చూశాడు,
చూసి, చివరి వాక్యం దాకా బాగానే మాట్లాడి,
చెయ్యి వ్యతిరేకంగానే ఎత్తాడు.
ఏడుగురు అవును, ఆరుగురు కాదు.

గోడకి గుచ్చిన కొత్త ప్లాను ముందు
ఆమె కళ్లద్దాలు తుడుచుకుని నిలబడింది.
లిఫ్టు ఉంది. నూట ఇరవై మెత్తటి కుర్చీలున్నాయి.
ఎడమ పక్క, తెర మడత ఉండాల్సిన చోట
'స్విచ్‌బోర్డు' అని రాసుంది.
చాలాసేపు అక్కడే వేలు ఆనించింది.

బస్‌స్టాపులో అడిగాను, ఎందుకందించావని.
"ఆగిన మాటను అలా వదిలేస్తే
రాత్రంతా నాకు నిద్ర పట్టదు.
అయినా, చివర్లో గొంతు బాగా ఎత్తాడు, కదూ?
చిన్నప్పుడు మింగేసేవాడు."

నిబంధన ప్రకారం, మాట ఎవరు పైకి పలికితే
వాళ్ల పేరే రాయాలి.
రూక్‌బీ అని రాశాను.
ఆమెకది కొత్త కాదు.