తొట్టి సినిమా

నా పని చీకట్లో దారి చూపించడం.
చేతిలో టార్చి, మెడలో ఈల (ఎందుకో నాకూ తెలీదు).
తెరకి వీపు పెట్టి నిలబడతాను.
వాల్దీవియాలో ఏడాదికి సగం రోజులు వాన.
ఆ వానలో సగం మా హాలు పైకప్పులోంచే.
ఏడో వరుస నాలుగో సీట్లో మనుషులు కూర్చోరు,
బకెట్టు కూర్చుంటుంది.

ఈ వారం సినిమాలో పేరున్నవాళ్లెవరూ లేరు.
పోస్టరు మీద స్నానాల తొట్టి, దాని కింద నాలుగు కాళ్లు.
తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరికీ
పంచుకోను మిగిలింది అదొక్కటేనట.
సగానికి కోస్తే ఎవరికీ పనికిరాదు.
అందుకని మోస్తుంటారు. ఎక్కడికో చాలాసేపు చెప్పరు.
దారిలో ఒక మేక అందులోకి ఎక్కుతుంది.
దిగదు.

మొదటి రోజు పదకొండు మంది.
నోటుబుక్కుతో వచ్చే యూనివర్సిటీ కుర్రాడు లిసాంద్రో
వెళ్తూ వెళ్తూ "ఇందులో ఏమీ జరగలేదు" అన్నాడు.
జరిగింది బాబూ, నువ్వు తలొంచుకుని రాసుకుంటున్నప్పుడు,
అందామనుకున్నాను.
టిక్కెట్లు చింపి బతికేదాన్ని, ఊరుకున్నాను.

రెండో రోజు చేపల బజారు ఇస్మేనియా వచ్చింది,
చేతులకింకా పొలుసులు అంటుకునే ఉన్నాయి.
అంత్యక్రియల సీను. అన్న రెండు పాదాలకీ
ఎడమకాలి బూట్లే.
ఆవిడ నవ్వింది. నవ్వంటే నవ్వు కాదు,
ఇత్తడి మూకుడు గచ్చు మీద దొర్లినట్టు.
ముందు వరుసాయన "ష్" అన్నాడు.
శాలువా నోట్లో కుక్కుకుంది. అది లోపల్నించే మోగింది.
బయటికొచ్చి నా మోచెయ్యి పట్టుకుని చెప్పింది:
"మా ఆయన పెట్టె గోతిలోకి దింపుతుంటే
నాకూ ఇలాగే వచ్చిందమ్మాయ్.
మా ఆడపడుచు ఇరవై రెండేళ్లుగా మాట్లాడదు.
ఇవాళ ఆ తమ్ముడూ నవ్వాడు, చూశావా?"
నేను చూసింది ఆవిణ్ణి. అయినా చూశానన్నాను.

మర్నాడు ఇంకో ముసలావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది.
ఇద్దరి మధ్యా ఒక సీటు ఖాళీ.
బూట్ల దగ్గర నేను టార్చి ఆర్పేశాను.
ఆడపడుచు నవ్వలేదు.
వేరుశనగల పొట్లం మాత్రం
ఆ ఖాళీ సీట్లో పెట్టింది.

శనివారం పిల్లలొచ్చి మేకతో పాటు అరిచారు.
నది ఒడ్డున నీటిసింహాలు జవాబిచ్చాయని
ప్రొజెక్టరు గదిలోంచి రోసమేల్ ఒట్టేశాడు.
మెట్ల మీద ఒక జంట పోట్లాడుకుంది:
మేక పోయిన తండ్రేనని అమ్మాయి,
మేక మేకేనని అబ్బాయి.
వేర్వేరు గొడుగుల్లో వెళ్లిపోయారు.

బస్సులు బాగుచేసే బాల్దొమేరో రోజూ వచ్చాడు.
రోజూ ఆఖరి పది నిమిషాలకి ముందే లేచిపోయాడు.
నా టార్చి వెలుగు ఆయన కాళ్ల ముందు పరుచుకునేది
కుక్కపిల్లలా, గుమ్మం దాకా.
చివరి రోజు గుమ్మంలో ఆగాడు.
"తొట్టిని ఏం చేస్తారు చివరికి?"
ఆయనకి ఒసోర్నోలో ఒక తమ్ముడున్నాడని
ఊరందరికీ తెలుసు. ఆయన పేరెత్తరనీ తెలుసు.

"నిజంగా తెలీదండీ, నేను తెరవైపు చూడను.
కాకపోతే సరిగ్గా అప్పుడు
అందరూ కొంచెం పక్కకి జరుగుతారు,
ఎవరో వచ్చి చోటడిగినట్టు."

వెనక్కి నడిచి
బకెట్టు పక్క సీట్లో కూర్చున్నాడు.
చినుకు పడ్డప్పుడల్లా బకెట్టు వంక చూశాడు,
తెరలో ఏదో నీళ్ల చప్పుడు, బకెట్లో నీళ్ల చప్పుడు,
ఏది ఏదో నాకూ తెలియలేదు.
జరిగాడో లేదో మాత్రం చూడలేకపోయాను.
ఈ వారంలో మొదటిసారి నా కళ్లు మసకేశాయి.

దీపాలు వెలిగాక జనం వెళ్లారు, ఆయన వెళ్లలేదు.
"ఇది నిండిపోయింది. చెరో పక్కా పట్టుకుందామా" అన్నాడు.

మూడో మెట్టు మీద తొణికింది.
తప్పు మీ వైపుదంటే మీ వైపుదని
వాన వెలిసేదాకా వాదించుకున్నాం.