గోడ మీద వచ్చే వారం

గన్నెట్ కోవ్‌లో ఆ ఇంటిని
శుక్రవారంలోగా అప్పజెప్పాలి.
వంటగది గోడలు గీకి కొత్త పలకలు బిగించాలి,
అంతే ఒప్పందం.
సాయానికి మేనల్లుడు ఆల్ఫియస్,
చేతిలో ఫోను, మనసెక్కడో.

పైన పసుపు గులాబీల కాగితం.
దాని కింద ఆకుపచ్చ గళ్ళు.
దాని కింద,
మా న్యూఫౌండ్‌లాండ్ చలిగాలికి
పేదిళ్ళు లోపల్నుంచి కప్పుకునే దుప్పటి:
పిండిజిగురుతో అంటించిన పాత పేపర్లు,
పొర మీద పొర,
టీ డికాషన్ రంగుకు తిరిగి.

కెటిల్ ఆవిరి పట్టాను.
చేపలు చీరే సన్నకత్తిని అంచున దూర్చాను.
లాగితే రాదు, బతిమాలుకోవాలి.

అన్నీ తలకిందులే.
అంటించిన చేతికి అక్షరం రాదు కాబోలు;
బొమ్మ లేని కాగితానికి
పైకేదో కిందికేదో ఎవరు చెబుతారు?
మెడ వంచి చూశాను, నడుం వంచి చూశాను,
చివరికి బల్ల మీద వెల్లకిలా పడుకుని
తల వేలాడేసి చదివాను.

ఉప్పుచేప క్వింటాలుకు డాలరు తగ్గింది.
దగ్గుకీ, కీళ్ళనొప్పికీ, గుర్రం కుంటుకీ
ఒకటే తైలం.
తప్పిపోయిన మేకను తెచ్చిస్తే
ఏ ప్రశ్నలూ అడగనంటోంది మిసెస్ కెజియా స్నూక్.
కింది పొరలో మళ్ళీ అదే మేక,
ఈసారి ప్రశ్నలు అడుగుతుందట.
ధారావాహికలో ఎవరో దొరసాని
దీపం పట్టుకుని గడియ తీసింది,
తరువాయి వచ్చే వారం.
ఆ వచ్చే వారం పొయ్యి వెనకాల
ఎప్పుడో మాడిపోయింది.
నూరేళ్ళుగా ఆవిడ గుమ్మంలోనే ఉంది పాపం.

"ఏముంటుందత్తా అందులో?" అన్నాడు ఆల్ఫియస్.
యుద్ధాలకి లావుపాటి పుస్తకాలున్నాయిరా,
ఈ మేకకి ఎవరున్నారు?

మధ్యాహ్నం తలుపు పక్కన దొరికింది,
పందొమ్మిది వందల ఇరవై రెండు, నవంబరు.
'ఎనా గ్రేస్' తెరచాప ఓడ
పదకొండు రోజులుగా జాడ లేదు.
ఆరుగురు మనుషులు.
కెప్టెన్ ఓబదయా టిల్లీ, ఆయన ఇద్దరు కొడుకులు,
వంటవాడు, వయసు పదిహేను.
తర్వాత చిరుగు.

ఇంక చేయి ఆగలేదు.
నవంబరు కావాలి నాకు, మిగతా నవంబరు.
కిటికీ పైన దొరికితే అందులో
క్యాబేజీ విత్తనాలొచ్చాయని,
చర్చిలో విందు బాగా జరిగిందని.
అలమర వెనక డిసెంబరు మొదటి వారం:
వాతావరణం, పళ్ళ డాక్టరు రాక.
ఓడ మాటే లేదు.
మాట్లాడటం మానేశారంటే అర్థమేమిటో
తీరంలో పుట్టినదాన్ని, నాకు తెలీదా.

పొద్దు వాలింది. టార్చి పట్టమన్నాను వాణ్ణి.
పొయ్యి గొట్టం పక్కన,
నిలబడి గిన్నె కలిపే ఆడదాని కంటి ఎత్తులో
అరచేయంత ముక్క:
మాస్టు విరిగి, గాలికి కొట్టుకుపోయి,
నలభై ఎనిమిది రోజులకు
స్కాట్లాండులో ఏదో రేవు చేరింది 'ఎనా గ్రేస్'.
ఆరుగురూ క్షేమం.

పొద్దుట్నించీ బిగబట్టిన ఊపిరి
అప్పుడు వదిలాను.
పెద్దగా అరిచినట్టున్నాను కూడా.
"ఎవరు వాళ్ళు, మనవాళ్ళా?"
కాదురా. ఏమో. బతికారు.

వాడు ఫోను జేబులో పెట్టుకుని
టార్చి ఇంకాస్త దగ్గరకు తెచ్చాడు.
"అత్తా, ఇది చూడు,
దీనికి నువ్వు మెడ వంచలేదు."

నిజమే.
గోడంతా తలకిందులు,
ఈ ముక్క ఒక్కటే నిటారుగా ఉంది.
ఎవర్నో అడిగి ఉంటుంది ఆవిడ,
ఏది పైవైపో.

సోమవారం అప్పజెబుతామని ఇంటివాళ్ళకు ఫోన్ చేశాను.
ఎందుకంటే ఏం చెప్పను,
జిగురు గట్టిగా ఉందన్నాను.