ఆవగింజంత

మా ముత్తవ్వ గున్నమ్మకి కొలత తెలుసు.
ఊడ్పులకి దిగే ముందు
ఆవగింజంత నల్లమందు
చనుమొనకి పామి బిడ్డకి పట్టేది.
గట్టు మీద గోనెపట్టాలో బిడ్డ నిద్దరోయేది,
మడిలో ఆమె నడుముకి నిద్దరుండేది కాదు.

ఆ గింజ కొంచెం పెద్దదైతే?
మా అమ్మని అడిగాను ఒకసారి.
"నీకింకో పెదతాత ఉండేవాడు" అంది
చేటలో రాళ్ళేరుతూ.
అంతే అంది.

దండాసి తాతకి కార్డుండేది.
పర్లాకిమిడి ఎక్సైజు ఆఫీసు, నంబరు నూట పద్నాలుగు.
కారణం: మోకాళ్ళ వాతం.
వాతం ముందొచ్చిందో మందు ముందొచ్చిందో
గుమస్తా అడగలేదు.
నెలకి రెండుసార్లు
కొమ్ముబొమ్మలు చెక్కేవాళ్ళ వీధి దాటి
చిన్నరైలు కూతకి అడుగు సరిచేసుకుంటూ వెళ్ళి
చింతగింజంత ముద్ద
అరిటాకు ముక్కలో తెచ్చుకునేవాడు.
అమ్మేది సర్కారే.
ఎక్కడో గంగ ఒడ్డున
రేకులు రాలిన కాయకి సాయంత్రం గాటు పెట్టి
తెల్లారి పాలు గోకి, ఉండలు చుట్టి,
చీనా ఓడలకెత్తిన దొరల వ్యాపారం
చిల్లరగా మిగిలి మిగిలి
మా తాత నాలిక కింద కరిగేది.
చేదా తాతా అంటే
"సేదు గాదే, సల్లగుంటాది" అనేవాడు.

కార్డు రద్దయిన ఏడు
గోడకానుకుని పదకొండు రోజులు వణికాడు.
పన్నెండో రోజు గంజి అడిగాడు.
తర్వాత ఎప్పుడూ నవ్వలేదంటారు గానీ
నేను చూశాను,
పిల్లి ఆయన పంచెలో ఈనిన రోజున.

ఇదంతా ఇప్పుడెందుకంటే
ఏడో నంబరు మంచం మీద రాహేలు రైకా ఉంది.
గుమ్మా కొండల సవర ముసలమ్మ.
నిప్పు లోపలికి పెట్టి నలభై ఏళ్ళు కాల్చిన అడ్డపొగ
అంగిట్లో రాచపుండై కూచుంది.
అరవదు. దుప్పటి అంచు నములుతుంది.

మందు ఉంది.
పది మిల్లీగ్రాముల బిళ్ళలు నలభై రెండు.
లెక్క రాసింది నేనే.
తాత ముద్దకి పట్నంలో చదివొచ్చిన మనవరాలు అది,
తెల్లగా, గుండ్రంగా, పేరు మార్చుకుని
ఇనప బీరువాలో ఉంది.
బీరువాకి రెండు తాళాలు.
ఒక చెవి నా దగ్గర.
రెండోది డాక్టరు గారి జేబులో.
జేబు బరంపురం పెళ్ళిలో.

ఫోను నాలుగుసార్లు చేస్తే
నాలుగుసార్లూ బాజాలు ఎత్తాయి.
ఆమె కొడుకు మార్కో
నా మొహం చూడడం మానేసి
నా చేతిలో చెవిని చూస్తున్నాడు.

తాళం తప్పని అనను.
మహేంద్రతనయ వంతెన కింద
సూదులు దొరికే చోటు నాకు తెలుసు.
మా పిన్ని కొడుకు దొరికిందీ అక్కడే.
కానీ దొంగకి వేసిన తాళం
దొంగ దగ్గర ఎప్పుడూ ఆగలేదు.
ఈ రాత్రి మాత్రం
ముసలమ్మ దగ్గర ఆగింది.

మూడూ పదికి
డాక్టరు గారి బావమరిది బండి మీద వచ్చాడు,
కిళ్ళీ మరక పడ్డ కవర్లో చెవి.
"సారీ మేడం, డీజే" అన్నాడు.

మింగలేదు కదా. బిళ్ళ నూరాను.
చెంచాడు నీళ్ళలో కలిపి
చూపుడువేలితో నాలిక పక్కగా
కొంచెం, ఇంకొంచెం.
నా వేలు ఎవరి వేలో నాకు తెలిసింది.
ఆవగింజ దగ్గర వణికింది కూడా.

రిజిస్టరులో నలభై రెండు కొట్టేసి నలభై ఒకటి.
కారణం అన్న గడి.
నొప్పి.
రెండక్షరాలే. పెన్ను అక్కడే
కాసేపు ఆగిపోయింది.

అరగంటకి దుప్పటి అంచు వదిలేసింది.
మార్కో మంచంకోడుకి తలానించి కునికాడు.
కిటికీలో కొండ ఇంకా నల్లగానే ఉంది.
ఆమె కళ్ళు తెరిచి
నా చెయ్యి పట్టుకుని
మెల్లగా, సిగ్గుపడుతూ,
ఒక చుట్ట అడిగింది.

అది మాత్రం
రిజిస్టరులో రాయలేదు.