గురివింద తూకం

కూలి బాకీ తీర్చలేక జకీరు
రెండు ప్లాస్టిక్ డబ్బాలు అంగట్లో పెట్టి పోయినాడు.
పాల పాములంట. పరదేశపువి. కాగితాలు కూడా ఉన్నాయంట.
డబ్బాకొకటి, పెన్సిలంత.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సందులో
ముప్పై ఏండ్లుగా నేను తూచినవి ముక్కుపుడకలు, తాళిబొట్లు,
చచ్చినవాళ్ల వేళ్ల నుంచి తీసిన ఉంగరాలు.
ఊపిరి పీల్చేదాన్ని కాటా మీద ఎప్పుడూ పెట్టలేదు.
ఆడది ఏడు గ్రాముల రెండొందల మిల్లీ.
అంకె నిలబడితే కదా రాసుకోను!

ఎరుపు, నలుపు, తెలుపు, మళ్లీ నలుపు.
పగడానికీ ముత్యానికీ నడుమ నల్లపూసలు గుచ్చి
ఎవరో నాకంటే పనిమంతుడు
ముడి కనపడకుండా ముగించినాడు.

నాగుల చవితికి పక్కింటి సుంకులమ్మ
గిన్నెడు పాలు తెచ్చి గడప మీద పెట్టింది.
పాలు పేరులోనే తల్లీ, నోట్లోకి ఎలుకే, అన్నాను.
పాముకు పాలు పోసి పెంచినట్టని అందరూ అంటారు గానీ
పాలు తాగని పామును ఎట్ల పెంచాలో ఏ సామెతా చెప్పదు.

దోశపిండికి పైన, ఐసు గదిలో
కండ్లు తెరవని ఎలుకపిల్లలు, కవరుకు ఇరవై.
ఈశ్వరమ్మ నెల రోజులు ఫ్రిజ్జు ముట్టుకోలేదు.

మగది తొలిరోజే మింగింది.
ఆడది మూడు వారాలు మొగం తిప్పుకుంది.
ఆరు గ్రాములు. ఐదు తొమ్మిదొందలు.
బంగారంలో తరుగు నాకు కూడు పెట్టింది,
ఈ తరుగు నిద్ర పట్టనియ్యలేదు.

బల్లి వాసన పూసి పెట్టమన్నాడు జకీరు ఫోనులో.
బల్లి మీద పడితే తలస్నానం చేసే ఇల్లు మాది.
చీపురు పట్టుకొని ట్యూబులైటు కిందికి పోయింది ఈశ్వరమ్మే.
తెగి కొట్టుకుంటున్న తోకను
ఎలుకపిల్ల ముక్కుకు రాసి, చిమటాతో అందించి,
'తిను, తినకుంటే నీ ఖర్మ' అంది.
తినింది.

ఆ పొద్దు నుంచి ఐదు రోజులకొకసారి,
ఒకటి, రెండు, తర్వాత బొచ్చు మొలిచినవి.
కుబుసం విడిచే ముందు కండ్లు మసకబారేవి,
నీళ్లలో చుక్క పాలు కలిసినట్టు.
ఆ పేరుకు తగ్గ పాలు నేను చూసింది అంతే.

మే నెల. నలభై నాలుగు.
పెన్నా ఇసుక మీద కాకి కూడా దిగలేదు.
డబ్బాల చుట్టూ తడి గోనెపట్ట, పైన మా ఒక్క ఫ్యాను.
మేము మిద్దె మీద పడుకున్నాము.

ఏడాదిన్నరకు జకీరు మళ్లీ వచ్చినాడు.
'నూట డెబ్బై ఉంది కదా మామా, జత కలుపుదాం,
గుడ్లు పొదిగితే నీ బాకీ, నా బాకీ రెండూ తీరతాయి.'
ఎంత ఉండాల, అంది వంటింట్లో నుంచి.
మూడొందలుంటే మంచిది. దీనికీ సరిపోతాదిలే.
సరిపోకుంటే?
ఒక్కోసారి గుడ్డు అడ్డం పడతాది.

చెంబు కింద పెట్టిన చప్పుడు.
'నాకు పదహారు. నన్నెవరన్నా తూచినారా?'

ఆ కాన్పు సంగతి ఇరవై ఆరేండ్లుగా
మా ఇద్దరి నడుమ ఎవరమూ ఎత్తలేదు.
నేను కాటా అద్దం తుడుస్తా ఉండినాను,
తుడిచిందే మళ్లీ తుడుస్తా.
జకీరు టీ తాగకుండానే పోయినాడు.

ఇది మూడో చలికాలం.
నా కాటా మూడొందల వరకే.
నిన్న ఆడదాన్ని పెడితే అంకెలు పోయి
మూడు గీతలు మిగిలినాయి.
మా నాయన గురివింద గింజలతో తూచేవాడు,
ఆ గింజలెన్ని పోస్తే ఇది సరితూగుతుందో
లెక్క వేయబోయి ఆపినాను.

ఈశ్వరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.
మోచేతి పైన రెండు చుట్లు చుట్టుకుంది అది,
పెండ్లప్పుడు మాటిచ్చి నేను చెయ్యని వంకీ లాగా.

ఫోను తీస్తే అంది: 'ఉండు. ఇంకో నెల తిననీ.'

గోరువెచ్చని నీళ్లలో ఎలుక
ఇంకా కరగలేదు.