పొగాకు జిగురు

నెలలో మొదటి ఆదివారం
మా చర్చిలో బల్ల ఉంటుంది.
తెల్లగుడ్డ కింద రొట్టె,
చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం.
ఆ గ్లాసులు శనివారం సాయంత్రం కడిగేది నేనే,
పదకొండేళ్ళుగా.
తాగనిదాన్నీ నేనే.

కడుపులో బాగోలేదంటా.
మనవరాలు ఏడుస్తా ఉందని బయటికి పోతా.
జకరయ్య అయ్యగారు మంచోడు,
ఒకసారి అడిగి ఊరుకున్నాడు.

సంగతేందంటే,
టంగుటూరు గోడౌన్లో గ్రేడింగు చేస్తాను.
ముందు ఆకు కుప్ప.
పసుపుది ఓ పక్క, గోధుమరంగుది ఓ పక్క,
మాడింది, మచ్చది, పచ్చిది
తలా ఓ పక్క.
మధ్యాన్నానికి వేళ్ళ నిండా నల్లటి జిగురు.
సబ్బుకు పోదు, పచ్చి టమాటా నలిపి రుద్దాలి.
రుద్దినా, ముద్ద నోట్లో పెడితే చేదే.

ఆ ఏడు మా పెద్దోడికి జొరం, దిగని జొరం.
మేస్త్రీ చొక్కా మేకుకు వేలాడతా ఉంది,
జేబులో ఏడుగురి వారం కూలి.
నేను తీసిన చప్పుడు
ఎండాకు చప్పుడులో కలిసిపోయింది.

మేకు పక్కన కూర్చునేది దీనమ్మ.
దీనమ్మ కొంగు విప్పించారు,
కొప్పు విప్పించారు, ఏమీ దొరకలా.
దొరక్కపోవడమే గట్టి దొంగకు గుర్తన్నాడు మేస్త్రీ.
నేను ఆకు ఏరతానే ఉన్నా.
పసుపుది ఓ పక్క.
మాడింది ఓ పక్క.

పిల్లోడు బతికాడు. ఇప్పుడు ఆటో తోలతాడు.
వాణ్ణి చూసి స్తోత్రం అనబోతే
నోట్లోనే ఆగిపోద్ది.
ఆయన ఇచ్చాడనాలా, దీనమ్మ ఇచ్చిందనాలా?

ప్రార్థనలో ఆయనకు చెప్పుకున్నా, చాలాసార్లు.
ఆయన క్షమించే ఉంటాడు, ఆయనకది అలవాటు.
కానీ కొంగు విప్పించింది దీనమ్మది,
ఆయనది కాదు గదా అనుకున్నా ఓ రాత్రి.
అనుకుని లేచి కూర్చున్నా.
ఆయన బట్టలూ విప్పించారు.
చీట్లేసుకుని పంచుకున్నారు.
ఆ పక్కనే ఎవతో ఒకతె
నాలాగే తలొంచుకుని
ఏదో ఏరుకుంటా ఉండే ఉంటది.

తెల్లారి ఒంగోల్లో బస్సు మారి
చీమకుర్తి పోయా.
లారీల దుమ్ము. చుక్కల నల్లరాయిని
అద్దంలాగా తోమి, ఏ దేశంలోనో
ఎవరి సమాధి మీదికో పంపిస్తారంట.
రేకుల ఇంటి ముందు దీనమ్మ దగ్గుతా కూర్చుని ఉంది.
నన్ను చూసి లేవలా.
నిలబడే చెప్పా, అంతా.

"తెలుసు," అంది.
"ఆ రోజు అందరూ నన్నే చూశారు.
నువ్వొక్కదానివే తలెత్తలా."

కొంగుముడి విప్పి డబ్బు చాపా.
లెక్కబెట్టింది. తన కూలి ఉంచుకుని
మిగతాది నా చేతిలో పెట్టింది.
"ఎవరిది వాళ్ళకియ్యి. ఊరికే కాదు,
చెప్పి ఇయ్యి."
క్షమించానని మాత్రం అనలా.

మెట్టు దిగుతుంటే అడిగింది,
"బల్ల తీసుకుంటన్నావా?"
"లేదు."
"నేనూ లేదు. నీ మీద కోపం పోక."

పదకొండేళ్ళు.
ఒకే రొట్టెకు, రెండూళ్ళలో,
ఇద్దరాడోళ్ళం పస్తు.

నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.
"ఇంకా పొగాకే," అంది.
నవ్విందో దగ్గిందో తెలియలా.

నలుగురికి ఇచ్చా, చెప్పే ఇచ్చా.
ఒకామె మొహాన ఊసింది.
ఒకామె నోటు మడిచి చేత్తో పట్టుకుని
"అప్పుడు పిల్లోడికి జొరం గదా," అంది.
ఆ మాటకే ఎక్కువ ఏడ్చా.
ఐదో ఆమె చనిపోయిందంట.
ఆమె డబ్బు డబ్బాలోనే ఉంది, ఏం చెయ్యాలో తెలియదు.

ఇవాళ శనివారం. గ్లాసులు కడిగా.
రోజూ పెట్టే లెక్కకు
రెండు ఎక్కువ పెట్టా.
వస్తానని దీనమ్మ అనలా,
రాననీ అనలా.

టమాటా రుద్దుకున్నా.
వేలు నాలిక మీద ఆనించి చూసుకున్నా.
చేదు ఉంది.
ఉండనీ.
రేపు చాపేది ఈ చెయ్యే.