పద్నాలుగో బల్ల

పేపర్లు సీలు కవర్లో వెళ్ళిపోయాయి.
ఇక మిగిలినవి నేను కడగాల్సినవి:
ఇరవై ఎనిమిది బ్యూరెట్లు, వాటికి రెట్టింపు ఫ్లాస్కులు,
ఎవరో మరిచిపోయిన, ఒక కాడ విరిగిన కళ్ళజోడు.

కిటికీ అవతల, నీళ్ళ ట్యాంకు నీడలో
పిల్లలు అప్పుడే మొదలెట్టేశారు.
"నీకెంత?"
"ఇరవై రెండు పాయింట్ ఆరు."
"నాకూ అంతే!" అని వసోంగా ఎగిరి
ఒకెలో వీపు మీద చరిచాడు.
"నాది పాయింట్ ఎనిమిది. ఫరవాలేదా?"
"ఫరవాలేదు, ఫరవాలేదు."
ఎవరికీ తెలియని సంగతికి
అందరూ హామీలిచ్చేస్తున్నారు.

రెండో ప్రశ్న దగ్గర గొడవ.
అమ్మోనియా పోస్తే తెల్లటి అవక్షేపం, సరే.
ఇంకా పోస్తే?
కరిగిందన్నవాళ్ళు జింకు వైపు,
కరగలేదన్నవాళ్ళు అల్యూమినియం వైపు,
నిమిషంలో రెండు ఫుట్‌బాల్ జట్లయ్యారు.
కిప్రోనో మాత్రం "మార్పేమీ లేదు" అని రాశాడట.
"నేనసలు పోస్తే కదా" అన్నాడు.
నేనూ నవ్వాను, సబ్బు నురగలో చేతులుంచి.
నన్ను మామా బీకర్ అంటారు. పిలిస్తే పలుకుతాను.

"ఒబూయా, నీకెంత?"
"ఇరవై ఏడు పాయింట్ ఒకటి."

వసోంగా పెన్సిలు తీసి అరచేతి మీద ఏదో తీసివేశాడు.
"ఎక్కడ ఆపావురా?"
"రంగు మారినప్పుడు."
"ఏ రంగుకి?"
"మారిన రంగుకి."
ఒకెలో తన స్వెటర్ అంచు లాగి చూపించాడు.
"ఇదేం రంగు?"
"స్కూలు రంగు."
"మరి ఆ ఇసుక బకెట్?"
ల్యాబ్ తలుపు పక్కన నిప్పు కోసం వేలాడే బకెట్ అది.
ఒబూయా ఇటూ అటూ చూశాడు.
"రెండూ ఒకటేగా" అన్నాడు,
ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

ట్యాంకు నుంచి బొట్లు పడటం వినబడింది.

"కిబూయే బజార్లో మీ అమ్మ దుకాణంలో కూర్చుంటావే,
పండిన టమాటాలు ఎలా ఏరతావు మరి?"
"బొటనవేలితో నొక్కి."
ఎవరూ నవ్వలేదు.
జింకు జట్టూ అల్యూమినియం జట్టూ
ఎప్పుడు కలిసిపోయాయో నేను చూడలేదు.
"సార్‌కి చెబుదామా?"
"చెప్పి? పేపర్ పోయింది కదా."

పద్నాలుగో బల్ల ఫ్లాస్కు అప్పటికే నా చేతిలో ఉంది.
మిగతావన్నీ పండీ పండని నారింజ తొక్కలు.
ఇది నిప్పు కణిక.
ఇవాళ్టిదని కాదు.
రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం
ఆ బల్ల మీది ఫ్లాస్కు ఇంత ఎర్రగానూ ఉండేది.
చెయ్యి తొందర కాబోలనుకున్నాను.
"అజాగ్రత్త" అని మాస్టారు రికార్డులో రాసేవారు,
ఎర్ర సిరాతో.
నేను కడిగి బోర్లించేదాన్ని.
కడిగేవాళ్ళకి జవాబులన్నీ ముందే కనబడతాయి,
అడిగేవాళ్ళుండరు.
అడక్కపోయినా చెప్పొచ్చని
నాకెందుకో తోచలేదు.

కిటికీ ఊచల దగ్గరికి వాడే వచ్చాడు.
"మామా, నాది పారబోశారా?"
"లేదు."
వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
"నీకెలా కనబడుతోంది?"
చాలాసేపు చూశాడు.
పరీక్షలో కూడా అంతసేపు చూసే ఉంటాడు.
"వాన వెలిశాక సరస్సు ఒడ్డున నీళ్ళు ఉంటాయే,
అలా."

సరిచూద్దామంటే
దానికి నా దగ్గర జవాబు పత్రం లేదు.

ఆరింటికి కుళాయి ఆగిపోతుంది.
ఇంకా పద్నాలుగు బల్లలున్నాయి.
ఆ ఫ్లాస్కును గూట్లో పెట్టి
పదిహేనోది అందుకున్నాను.